అణువును తిప్పడం, జరపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఫైల్లో కొన్ని వేల పరమాణువులు ఉంటాయి, ఒక్కోదానికి మూడేసి అంకెలు. ఆ అణువును కాస్త పక్కకు తిప్పాలి, లేదా ఇంకో అణువు మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. చేయాల్సిన లెక్క చూస్తే గుణకారాలు, కూడికలే. అయినా ఈ పనిలో దిగినవాళ్లు దాదాపు అందరూ ఒకే నాలుగు చోట్ల ఇరుక్కుంటారు: ఏది ముందు చేయాలి, ఏ బిందువు చుట్టూ తిప్పాలి, మాత్రికను ఏ పక్కన పెట్టి గుణించాలి, చివరికి వచ్చింది అసలు అణువా, దాని అద్దం బొమ్మా. ఈ నాలుగు చోట్లా నేను కూడా రోజులకు రోజులు పోగొట్టుకున్నాను. అందుకే వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటేస్తాను.

తిప్పడం, జరపడం అంటే లెక్కలో ఏం చేస్తున్నట్టు?

ప్రతి పరమాణువుకూ ఎక్స్, వై, జెడ్ అని మూడు నిరూపకాలు ఉంటాయి. ఆ మూడూ కలిస్తే ఒక వెక్టర్. జరపడం అంటే అన్ని పరమాణువులకూ ఒకే వెక్టర్‌ను కూడడం. తిప్పడం అంటే అన్ని పరమాణువులనూ ఒకే 3×3 మాత్రికతో గుణించడం. రెండూ కలిపితే ఇంతే:

కొత్త స్థానం = భ్రమణ మాత్రిక × పాత స్థానం + జరిపే వెక్టర్

జెడ్ అక్షం చుట్టూ తిప్పే మాత్రిక ఇలా ఉంటుంది (సైన్, కొసైన్ రెండూ తిప్పే కోణానివి):

[ కొసైన్, −సైన్, 0 ]
[ సైన్, కొసైన్, 0 ]
[ 0, 0, 1 ]

జెడ్ అక్షం మొన మన వైపు ఉందనుకోండి. కోణం ధనాత్మకమైతే అణువు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది.

ఇందులో "ఒకే" అన్న మాటను పట్టుకోండి. అన్ని పరమాణువులకూ ఒకే మాత్రిక, ఒకే వెక్టర్ వాడినంతకాలం బంధాల పొడవులు, బంధ కోణాలు, టార్షన్ కోణాలు (ఒక బంధం చుట్టూ మెలిక ఎంతో చెప్పేవి) ఏవీ కదలవు. అణువు ఆకారం అలాగే ఉండి, అది నిలబడిన చోటు, చూస్తున్న దిక్కు మాత్రమే మారతాయి. చోటుకు మూడు అంకెలు, దిక్కుకు మూడు అంకెలు, మొత్తం ఆరు. డాకింగ్ ప్రోగ్రాములు ఒక చిన్న అణువును ప్రోటీన్ గుంటలో అటూ ఇటూ ప్రయత్నించి చూసేటప్పుడు వెతికేది ఈ ఆరింటినే. తిరగగల బంధాలు ఉంటే వాటి కోణాలు అదనం.

అంకెలతో ఒక ఉదాహరణ చూపిస్తారా?

నీటి అణువును తీసుకుందాం. టిప్3పీ నీటి నమూనాలో ఆక్సిజన్‌–హైడ్రోజన్ బంధం పొడవు 0.9572 ఆంగ్‌స్ట్రామ్‌లు, మధ్య కోణం 104.52 డిగ్రీలు. ఆక్సిజన్‌ను మూలబిందువు దగ్గర పెట్టి, ఒక హైడ్రోజన్‌ను ఎక్స్ అక్షం మీద ఉంచితే:

ఆక్సిజన్: (0, 0, 0)
ఒకటో హైడ్రోజన్: (0.9572, 0, 0)
రెండో హైడ్రోజన్: (−0.2400, 0.9266, 0)

దీన్ని జెడ్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పుదాం. 90 డిగ్రీలకు కొసైన్ 0, సైన్ 1. కాబట్టి కొత్త ఎక్స్ అంటే పాత వై గుర్తు మార్చినది, కొత్త వై అంటే పాత ఎక్స్. ఆ తర్వాత (1, 2, 3) జరుపుదాం:

ఆక్సిజన్: (1, 2, 3)
ఒకటో హైడ్రోజన్: (1, 2.9572, 3)
రెండో హైడ్రోజన్: (0.0734, 1.7600, 3)

ఇప్పుడు రెండు హైడ్రోజన్ల మధ్య దూరం కొలవండి. మొదట 1.5139 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంది, ఇప్పుడూ అంతే. ఈ లెక్కను ఒక్కసారి కాగితం మీద చేతితో చేయమని నా మనవి. మీ స్క్రిప్టు ఇదే జవాబు ఇచ్చేదాకా పెద్ద ప్రోటీన్ జోలికి వెళ్లకండి. మూడు పరమాణువుల్లో కనపడే తప్పు మూడు వేల పరమాణువుల్లో కనపడదు.

ముందు తిప్పాలా, ముందు జరపాలా? రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. పై నీటి అణువునే ముందు (1, 2, 3) జరిపి, తర్వాత 90 డిగ్రీలు తిప్పి చూడండి. ఆక్సిజన్ (−2, 1, 3) దగ్గర తేలుతుంది. ఇందాక అది (1, 2, 3) దగ్గర ఉంది. మాత్రిక ఎప్పుడూ మూలబిందువు చుట్టూనే తిప్పుతుంది. అణువు మూలబిందువుకు దూరంగా ఉంటే, తాడుకు కట్టిన రాయిలా పెద్ద వృత్తం చుట్టి వస్తుంది.

మరి ఏది సరైనది? పైన రాసిన సూత్రంలో ముందు తిప్పి తర్వాత జరుపుతున్నాం. చాలా ప్రోగ్రాములు, ఫైళ్లు ఈ పద్ధతినే పాటిస్తాయి. కానీ ఎవరో ఇచ్చిన మాత్రిక, వెక్టర్ చేతికొస్తే వాళ్లు ఏ వరుసలో వాడారో అడిగి తెలుసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఊహించి వాడితే అణువు ఎక్కడో తేలి, కారణం దొరకక టెన్షన్ పడాల్సి వస్తుంది.

అణువు ఉన్నచోటే ఉండి తిరగాలంటే?

మూడు అడుగులు. మొదట అణువు కేంద్రాన్ని, అంటే అన్ని పరమాణువుల నిరూపకాల సగటును, కనుక్కుని ప్రతి పరమాణువు నుంచీ తీసేయండి. ఇప్పుడు అణువు మూలబిందువు దగ్గరకు వచ్చింది. తర్వాత తిప్పండి. చివరగా ఆ సగటును తిరిగి కూడండి.

సగటు తీసుకోవాలా, ద్రవ్యరాశి కేంద్రం తీసుకోవాలా అని కూడా అడుగుతుంటారు. కేవలం తిప్పి చూడటానికైతే ఏదైనా ఫరవాలేదు. గతిశాస్త్రంలో కోణీయ వేగాల లెక్క ఉంటే ద్రవ్యరాశి కేంద్రం తప్పనిసరి. రెండు నిర్మాణాలను ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు, దూరాల సగటుకు పరమాణువులన్నిటినీ సమానంగా లెక్కిస్తే మామూలు సగటే తీసుకోవాలి. ద్రవ్యరాశితో బరువు వేస్తే కేంద్రానికి కూడా అదే బరువు వేయాలి. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి పెడితే వచ్చే జవాబు కనిష్ఠం అవదు.

నా అణువు వ్యతిరేక దిశలో తిరిగింది. ఎందుకు?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ అడ్డ వరుసల, నిలువు వరుసల గొడవే.

పుస్తకాలు పరమాణువును నిలువు వెక్టర్‌గా రాసి, మాత్రికను దాని ఎడమ పక్కన పెడతాయి. కంప్యూటర్లో మాత్రం నిరూపకాల పట్టికలో ఒక్కో పరమాణువు ఒక్కో అడ్డ వరుసగా ఉంటుంది. నంపైలో (పైథాన్‌ భాషలో అంకెల పట్టికల లైబ్రరీ) ఆ పట్టికను నేరుగా గుణించాలంటే మాత్రిక కుడి పక్కకు రావాలి. అలా పక్క మారినప్పుడు దాన్ని ట్రాన్స్‌పోజ్ చేయాలి, అంటే అడ్డ వరుసలను నిలువు వరుసలుగా మార్చాలి. అది మర్చిపోతే ఏమవుతుంది? భ్రమణ మాత్రికను ట్రాన్స్‌పోజ్ చేస్తే వచ్చేది దాని విలోమమే. అంటే అదే కోణంతో వెనక్కి తిప్పే మాత్రిక. ప్రోగ్రాము ఎలాంటి ఎర్రర్ ఇవ్వదు, దూరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, అణువు మాత్రం అటు వైపు తిరిగి కూర్చుంటుంది.

పట్టుకోవడం తేలికే. జెడ్ చుట్టూ 90 డిగ్రీల మాత్రిక తీసుకుని (1, 0, 0) బిందువుకు వేయండి. (0, 1, 0) రావాలి. (0, −1, 0) వస్తే మీ కోడ్‌లో ట్రాన్స్‌పోజ్ తేడా ఉంది. ఈ పరీక్షను 180 డిగ్రీలతో చేయకండి. 180 డిగ్రీల భ్రమణానికి ముందుకు తిప్పినా వెనక్కి తిప్పినా ఒకటే, కాబట్టి తప్పు బయటపడదు.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్నిచోట్ల మాత్రిక అర్థం "అణువును ఇలా తిప్పు" అని, కొన్నిచోట్ల "అణువు కదలదు, అక్షాలను ఇలా తిప్పి కొత్త నిరూపకాలు రాయి" అని. ఈ రెండూ ఒకదానికొకటి విలోమాలు. వేరేవాళ్ల కోడ్ వాడేటప్పుడు ఏది ఉద్దేశించారో పై చిన్న పరీక్షే చెప్పేస్తుంది.

కోణం 90 ఇచ్చాను, ఇంకేదో వచ్చింది.

డిగ్రీలు ఇచ్చి ఉంటారు. ప్రోగ్రామింగ్ భాషల్లో సైన్, కొసైన్ ఫంక్షన్లు మామూలుగా రేడియన్లే తీసుకుంటాయి. 90 రేడియన్లు అంటే పూర్తి చుట్లు తీసేశాక సుమారు 116.6 డిగ్రీలు. అది కూడా సక్రమమైన భ్రమణమే కాబట్టి అణువు చెడిపోదు, తప్పు చాలాకాలం దాక్కుంటుంది.

చేతిలో ఉన్న మాత్రిక నిజంగా భ్రమణ మాత్రికేనా అని ఎలా తెలుసుకోవాలి?

రెండు పరీక్షలు. మాత్రికను దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణిస్తే వికర్ణం మీద ఒకట్లు, మిగతా చోట్ల సున్నాలు రావాలి. నిర్ధారకం +1 రావాలి. మొదటిది నెగ్గి నిర్ధారకం −1 వస్తే అది అద్దంలో బొమ్మ చేసే మాత్రిక. మొదటిదే తప్పితే అది అణువును సాగదీస్తుంది లేదా వంచేస్తుంది.

వికర్ణం మీది మూడు అంకెలను కూడితే భ్రమణ కోణం కూడా తెలుస్తుంది. ఆ మొత్తం ఎప్పుడూ 1 + 2 × కొసైన్. ఉదాహరణకు వికర్ణం −1, −1, 1 ఉంటే మొత్తం −1. అంటే కొసైన్ −1, కోణం 180 డిగ్రీలు. ఫైల్లో కనిపించిన మాత్రికను చూడగానే ఇది సగం చుట్టు అనో, 120 డిగ్రీలనో చెప్పేయొచ్చు. మొత్తం 0 అయితే 120.

ఎక్స్, వై, జెడ్ కాకుండా ఒక బంధం చుట్టూ తిప్పాలంటే?

దీనికి ఓలాండ్ రోడ్రిగ్ 1840లో ఇచ్చిన సూత్రం ఉంది. తిప్పాల్సిన వెక్టర్ నుంచి మూడు ముక్కలు తయారుచేసి కూడతాం. మొదటిది, పాత వెక్టర్‌ను కొసైన్‌తో గుణించినది. రెండోది, అక్షానికీ పాత వెక్టర్‌కూ క్రాస్ ప్రొడక్ట్ తీసి సైన్‌తో గుణించినది. మూడోది, అక్షానికీ పాత వెక్టర్‌కూ డాట్ ప్రొడక్ట్ తీసి, దాన్ని (1 − కొసైన్)తో గుణించి, అక్షం దిశలో వేసినది.

అక్షం పొడవు కచ్చితంగా 1 ఉండాలి. కార్బన్–కార్బన్ ఏక బంధం పొడవు సుమారు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండు కార్బన్ల తేడాను అలాగే అక్షంగా ఇచ్చేస్తే అణువు వికారంగా సాగిపోతుంది. ముందు ఆ తేడాను దాని పొడవుతో భాగించాలి.

టార్షన్ కోణం మార్చేటప్పుడు అణువు మొత్తాన్ని తిప్పం, బంధానికి ఒక పక్కనున్న పరమాణువులను మాత్రమే తిప్పుతాం. బంధం చివరనున్న ఒక పరమాణువును మూలబిందువుకు తెచ్చి, ఆ పక్కవాటిని తిప్పి, అన్నిటినీ వెనక్కి జరపాలి. ఆ "ఒక పక్క" ఏదో బంధాల జాబితా నుంచి తెలుసుకోవాలి: ఈ బంధాన్ని తెంపితే ఏ పరమాణువులు విడిపోతాయో అవే. బంధం వలయంలో ఉంటే తెంపినా అణువు రెండుగా విడిపోదు, కాబట్టి ఆ బంధం చుట్టూ ఇలా తిప్పలేం. ప్రోలిన్ అన్న అమైనో ఆమ్లంలో ఫై కోణం (వెన్నెముక బంధాల టార్షన్ కోణాల్లో ఒకటి, ఇంకోటి సై) బిగుసుకుపోయి ఉండేది అందుకే. ప్రోటీన్ వెన్నెముకలో ఫై, సై కోణాలు ఏ జతల్లో ఇమడగలవో చూపించే పటాన్ని జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ 1963లో ప్రచురించారు. ఒక్కో బంధం చుట్టూ తిప్పి, ఏ పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయో చూడటమే ఆ పటానికి పునాది.

ఆయిలర్ కోణాలు వాడాలా, క్వాటర్నియన్లు వాడాలా?

మనిషి చదువుకోవడానికి ఆయిలర్ కోణాలు, యంత్రం లెక్కించడానికి క్వాటర్నియన్లు అని నా అభిప్రాయం. ఆయిలర్ కోణాలంటే ఒక భ్రమణాన్ని అక్షాల చుట్టూ మూడు తిప్పుళ్లుగా విడదీసి రాయడం. ఆ మూడు తిప్పుళ్లను ఏ అక్షాల వరుసలో చేయాలన్న దానికే 12 రకాలున్నాయి. అక్షాలు అణువుతో పాటు తిరుగుతాయా, స్థిరంగా ఉంటాయా అన్నది కలిపితే 24. పక్కవాళ్లు పంపిన మూడు కోణాలు ఏ రకమో రాయకపోతే వాటికి అర్థమే లేదు. పైగా మధ్య కోణం ఒక ప్రత్యేక విలువకు చేరినప్పుడు మొదటి, మూడో తిప్పుళ్లు ఒకే అక్షం చుట్టూ పడతాయి, ఒక స్వేచ్ఛ పోతుంది.

క్వాటర్నియన్లో నాలుగు అంకెలుంటాయి, వాటి వర్గాల మొత్తం 1. విలియం రోవన్ హామిల్టన్ వీటిని 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో నడుస్తూ కనుగొన్నాడు. కలపడం తేలిక, గుండ్రింపు దోషం పేరుకుంటే పొడవును మళ్లీ 1 చేయడం ఇంకా తేలిక. ఒక్కటి గుర్తుంచుకోండి: నాలుగు అంకెల గుర్తులూ మార్చినా అదే భ్రమణం. రెండు దిక్కులను పోల్చేటప్పుడు దీన్ని మర్చిపోతే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగింటిలో అదిశ భాగం (దిశ లేని అంకె) ముందు రాస్తారా, చివర రాస్తారా అన్నది కూడా లైబ్రరీని బట్టి మారుతుంది.

4×4 మాత్రిక ఎందుకు వాడతారు?

జరపడాన్ని కూడా గుణకారంగా మార్చడానికి. ప్రతి పరమాణువు నిరూపకాల కింద ఒక 1 చేర్చి, భ్రమణాన్ని పై ఎడమ మూలలో, జరిపే వెక్టర్‌ను నాలుగో నిలువు వరుసలో పెట్టి, చివరి అడ్డ వరుసలో 0, 0, 0, 1 రాస్తారు. పది అడుగుల మార్పును ఒకే మాత్రికగా కలిపేయొచ్చు. ముందు చేసేది కుడివైపు వస్తుంది.

చేసిన మార్పును వెనక్కి తిప్పాలంటే?

జరిపినదాన్ని ముందు తీసేసి, తర్వాత ట్రాన్స్‌పోజ్ చేసిన మాత్రికతో గుణించాలి. బట్టలు వేసుకున్న వరుసకు ఎదురు వరుసలో విప్పినట్టే.

రెండు నిర్మాణాలను ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. ఏ మాత్రిక వాడాలో ఎలా తెలుస్తుంది?

వోల్ఫ్‌గాంగ్ కాబ్ష్ 1976లో ప్రచురించిన పద్ధతి ఇందుకే. ముందుగా రెండు నిర్మాణాల్లో ఏ పరమాణువుకు ఏది జతో తెలియాలి, రెండు పట్టికలూ అదే వరుసలో ఉండాలి. రెంటినీ వాటి వాటి కేంద్రాల దగ్గరకు తేవాలి. కదిలే నిర్మాణం పట్టికను ట్రాన్స్‌పోజ్ చేసి, కదలని దాని పట్టికతో గుణిస్తే ఒక 3×3 మాత్రిక వస్తుంది. దానికి సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ చేస్తే మూడు ముక్కలు వస్తాయి. మధ్యలోది (సింగ్యులర్ విలువలు ఉండేది) వదిలేసి మిగతా రెండింటినీ సరైన వరుసలో గుణిస్తే మనకు కావాల్సిన భ్రమణం దొరుకుతుంది. అంతకంటే తక్కువ ఆర్‌ఎమ్‌ఎస్‌డీ (జతల మధ్య దూరాల వర్గాల సగటుకు వర్గమూలం) ఇచ్చే భ్రమణం ఇంకోటి ఉండదు.

జతలు కుదర్చడం దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. ఫినైల్‌అలనిన్ అన్న అమైనో ఆమ్లం వలయాన్ని సగం చుట్టు తిప్పితే అదే వలయం, కానీ ఫైల్లో రెండు పక్కల పరమాణువుల పేర్లు వేరు. పేర్ల ప్రకారం జత కలిపితే నిజానికి లేని తేడా ఆర్‌ఎమ్‌ఎస్‌డీలోకి వచ్చేస్తుంది. చిన్న అణువుల్లో ఇలాంటి సౌష్ఠవాలు ఇంకా ఎక్కువ.

కాబ్ష్ పద్ధతిలో నిర్ధారకం గుర్తు చూడాలంటారు. చూడకపోతే ఏమవుతుంది?

నాకు జరిగినది చెబుతాను. ఒక చిన్న అణువును ఇంకోదాని మీద కూర్చోబెట్టాలి. రెంటిలోనూ బెంజీన్ వలయం ఉంది కదా అని ఆ ఆరు కార్బన్లతోనే మాత్రిక కనుక్కున్నాను. ఆర్‌ఎమ్‌ఎస్‌డీ దాదాపు సున్నా. అదే మాత్రికను అణువు మొత్తానికి వేసి, ఫైల్ రాసి, తర్వాతి పనిలోకి వెళ్లిపోయాను. రెండు రోజుల తర్వాత ఆర్‌డీకిట్ అన్న రసాయన లైబ్రరీలో ఆ అణువును తెరిస్తే, వలయం బయట ఉన్న కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు గుంపులు ఉండి, అద్దం బొమ్మ వేరయ్యేది) "ఆర్" అని ఉండాల్సింది "ఎస్" అని చూపించింది. మధ్యలో చేసిన లెక్కలన్నీ వేరే అణువు మీద జరిగాయి.

కారణం ఇది. ఆరు కార్బన్లూ ఒకే తలంలో ఉంటాయి. ఆ తలానికి లంబంగా ఉన్న దిశ గురించి వాటికి ఏమీ తెలియదు, మూడో సింగ్యులర్ విలువ సున్నా. కాబట్టి ఆ దిశకు ఏ గుర్తు వస్తుందన్నది లెక్క చేసే ప్రోగ్రాము ఇష్టం. నిర్ధారకం −1 వచ్చినా వలయం అంతే చక్కగా కూర్చుంటుంది, ఆర్‌ఎమ్‌ఎస్‌డీలో ఏ తేడా ఉండదు. తలం బయట ఉన్న పరమాణువులు మాత్రం అద్దంలోకి వెళ్లిపోతాయి. మూడు పరమాణువులతో సరిపుచ్చినా ఇదే ముప్పు, ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో ఉంటాయి.

సరిదిద్దడం ఒక వాక్యం పని. నిర్ధారకం −1 వస్తే, అతి చిన్న సింగ్యులర్ విలువకు చెందిన నిలువు వరుస గుర్తు మార్చి మళ్లీ గుణించాలి. ఈ ఒక్క వాక్యం లేని కాబ్ష్ కోడ్‌ను ఎక్కడ చూసినా వాడకండి.

దూరాలు కొలిస్తే అద్దం బొమ్మ దొరకదు, ఎందుకంటే అద్దం దూరాలను మార్చదు. కైరల్ కార్బన్ నుంచి దాని మూడు పొరుగు పరమాణువులకు మూడు వెక్టర్లు గీసి, వాటి అదిశ త్రిక లబ్ధం (మొదటి రెండింటి క్రాస్ ప్రొడక్ట్‌కూ మూడోదానికీ డాట్ ప్రొడక్ట్) గుర్తు చూడండి. మార్పుకు ముందూ తర్వాతా అదే గుర్తు ఉండాలి. ప్రోటీన్లలో అయితే కంటితోనే చూడొచ్చు: ఆల్ఫా హెలిక్స్ (ప్రోటీన్ గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగం) మరమేకులా కుడివైపు మెలి తిరగాలి. స్ఫటికాల్లో కూడా ప్రకృతి ఈ నియమాన్ని పాటిస్తుంది. మొత్తం 230 స్పేస్ గ్రూపులు (స్ఫటిక సౌష్ఠవాల రకాలు) ఉంటే ప్రోటీన్లు 65లోనే స్ఫటికీకరిస్తాయి. మిగతావాటికి అద్దం లేదా విలోమం కలిసిన మార్పులు కావాలి. అవి ఎల్-అమైనో ఆమ్లాన్ని దాని అద్దం బొమ్మ అయిన డి-అమైనో ఆమ్లంగా మార్చాలి, అది ఆ ప్రోటీన్లో లేదు.

ఆల్ఫా కార్బన్లతో (ఒక్కో అమైనో ఆమ్లంలో వెన్నెముక మీది మధ్య కార్బన్) మాత్రమే సరిపోల్చాను. మిగతా పరమాణువులు, లైగాండ్ (ప్రోటీన్ గుంటలో కూర్చునే చిన్న అణువు) సంగతేంటి?

వాటన్నిటికీ అదే మాత్రిక, అదే వెక్టర్ వేయండి. నీటి అణువులు, అయాన్లు కూడా. కేంద్రం మాత్రం ఆల్ఫా కార్బన్ల కేంద్రమే. లైగాండ్‌కు విడిగా దాని కేంద్రం తీసుకుంటే అది గుంటలోంచి బయటికి వచ్చేస్తుంది.

పీడీబీ ఫైల్లో రిమార్క్ 350 కింద ఉండే బయోమ్‌టీ అంకెలు ఏమిటి?

పీడీబీ అంటే ప్రోటీన్ల వంటి అణువుల నిర్మాణాలు దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్, దాని ఫైల్ పద్ధతికీ అదే పేరు. ఈ అంకెలు మనం మాట్లాడుకుంటున్న మాత్రికలే. ఒక్కో మార్పుకు మూడు వరుసలు, ఒక్కో వరుసలో భ్రమణానికి మూడు అంకెలు, జరపడానికి ఒకటి. ఫైల్లో ఉన్న పరమాణువులకు వాటిని వేస్తే జీవకణంలో పనిచేసే పూర్తి రూపం వస్తుంది. 1హెచ్‌హెచ్‌ఓ అన్న హీమోగ్లోబిన్ ఫైల్ తెరిస్తే సగం అణువే, ఒక ఆల్ఫా, ఒక బీటా గొలుసు, కనిపిస్తుంది. మిగతా సగం 180 డిగ్రీల భ్రమణంతో వస్తుంది. ఇరవై ముఖాల సౌష్ఠవం ఉన్న వైరస్ తొడుగులకైతే 60 మాత్రికలు ఉంటాయి, ఒక చిన్న ముక్క నుంచి మొత్తం గోళం తయారవుతుంది.

మొదటి మాత్రిక చాలాసార్లు ఏ మార్పూ చేయనిది. దాన్ని కూడా వేసి, అసలు పరమాణువులను కూడా ఉంచేస్తే ఒకే చోట రెండు కాపీలు కూర్చుంటాయి. బొమ్మలో కనపడదు, శక్తి లెక్కలో బయటపడుతుంది. కొత్త కాపీలకు గొలుసు పేర్లు మార్చడం కూడా మర్చిపోకండి.

నిరూపకాలు కాక ఇంకేమైనా తిప్పాలా?

దిశ ఉన్న ప్రతిదీ తిప్పాలి. వేగాలు, బలాలు, డైపోల్ మొమెంట్ వంటివి భ్రమణ మాత్రికతో గుణించాలి, కానీ వాటిని జరపకూడదు. వేగానికి 10 ఆంగ్‌స్ట్రామ్‌లు కూడడం అర్థంలేని పని. పీడీబీలో అనైసో అని మొదలయ్యే వరుసల్లో పరమాణువు ఏ దిక్కులో ఎంత కంపిస్తోందో చెప్పే ఆరు అంకెలు ఉంటాయి. అవి ఒక సౌష్ఠవ మాత్రికకు చెందినవి. వాటిని ఎడమవైపు భ్రమణ మాత్రికతోనూ, కుడివైపు దాని ట్రాన్స్‌పోజ్‌తోనూ గుణించాలి. నిరూపకాలు మాత్రమే మార్చే స్క్రిప్టులు ఈ వరుసలను పాత దిక్కులోనే వదిలేస్తాయి. మామూలు బి-ఫ్యాక్టర్‌కు (కంపనం మొత్తం ఎంతో చెప్పే ఒకే అంకె) దిక్కు లేదు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

సిమ్యులేషన్ పెట్టెలో ఉన్న అణువును తిప్పొచ్చా?

ముందు అణువు ముక్కలై ఉందేమో చూడండి. పెట్టె ఒక గోడ దాటిన పరమాణువు ఎదురు గోడ నుంచి లోపలికి వస్తుంది కాబట్టి, అణువు సగం ఇక్కడ, సగం అక్కడ ఉండొచ్చు. ఆ స్థితిలో కేంద్రం లెక్కిస్తే అది పెట్టె మధ్య ఖాళీలో పడుతుంది. ముందు అణువును ఒకచోట చేర్చి, తర్వాతే తిప్పాలి. నీళ్లు నింపాక తిప్పడం కంటే, తిప్పాక నీళ్లు నింపడం మేలు. యూనిట్లు కూడా చూసుకోండి: గ్రోమాక్స్ అన్న సిమ్యులేషన్ ప్రోగ్రాము నానోమీటర్లలో రాస్తుంది, పీడీబీ ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఒక నానోమీటర్ అంటే 10 ఆంగ్‌స్ట్రామ్‌లు. భ్రమణ మాత్రికకు యూనిట్ లేదు, జరిపే వెక్టర్‌కు ఉంది.

యాదృచ్ఛికంగా ఒక దిక్కుకు తిప్పాలంటే మూడు కోణాలు ర్యాండమ్‌గా తీసుకుంటే చాలదా?

చాలదు. మూడు ఆయిలర్ కోణాలనూ సమానంగా తీస్తే కొన్ని దిక్కులు ఎక్కువసార్లు వస్తాయి, గ్లోబు మీద ధ్రువాల దగ్గర గీతలు కిక్కిరిసినట్టు. సాధారణ విభాజనం (నార్మల్ డిస్ట్రిబ్యూషన్) నుంచి నాలుగు అంకెలు తీసి, వాటి పొడవుతో భాగించి క్వాటర్నియన్‌గా వాడండి. అన్ని దిక్కులకూ సమాన అవకాశం వస్తుంది.

వేలసార్లు తిప్పాక అణువు కొద్దిగా చెదిరినట్టు ఉంది.

గుండ్రింపు దోషం. 32 బిట్ల దశాంశాలకు సుమారు ఏడు అంకెల వరకే పట్టు ఉంటుంది. ప్రతి అడుగులోనూ మాత్రికలను గుణిస్తూ పోతే అవి మెల్లగా లంబత్వం కోల్పోతాయి. మొదటి నిరూపకాలను ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి. మొత్తం భ్రమణాన్ని క్వాటర్నియన్‌గా దాచి, అప్పుడప్పుడు పొడవు 1కి సరిచేసి, ప్రతిసారీ మొదటి నిరూపకాల మీదే వేయండి.

అడుగడుగునా పీడీబీ ఫైల్లోకి రాసి మళ్లీ చదవడం ఇంకా చెడ్డది. అందులో మూడు దశాంశ స్థానాలే ఉంటాయి, ఒక్కో రాతకు ఒక్కో నిరూపకం 0.0005 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు కదలొచ్చు. పైగా ఒక్కో నిరూపకానికి ఎనిమిది అక్షరాల చోటే ఉంది: ఎక్స్‌కు 31 నుంచి 38, వైకి 39 నుంచి 46, జెడ్‌కు 47 నుంచి 54. అణువును −1000 దాకా జరిపితే "−1000.000"కు తొమ్మిది అక్షరాలు కావాలి. వరుస మొత్తం ఒక గడి పక్కకు తోసుకుపోయి, చదివే ప్రోగ్రాము ఎక్స్ చివరి అంకెను వై మొదటి అంకెగా తీసుకుంటుంది. అంత దూరం జరపాల్సి వస్తే ఎంఎంసిఫ్ (పీడీబీ వాడే ఇంకో ఫైల్ పద్ధతి) ఫైల్లో రాయండి. అక్కడ గడుల కొలత లేదు.